పాత పేరున్న పొట్లాలు

ఆగస్టు 4, సోమవారం, పోన్

ఈ నోటుబుక్కు ఇంజనాయిలు కంపెనీవాడు ఊరికే ఇచ్చాడు. నా పంక్చరు షాపులో గాలి మిషన్ కింద దాస్తాను. మా ఆవిడ సుప్రి అటు రాదు, గ్రీజు వాసన పడదు. నాలుగో క్లాసులో బడి మానేసినవాడి రాత చూసి నవ్వేవాళ్ళు ఆ కింద ఎవరూ లేరు, ఒక బల్లి తప్ప. తేదీ పక్కన మా జావావాళ్ళ అయిదురోజుల వారంలో ఆనాటి పేరు కూడా రాస్తాను.

ఇవ్వాళ జోగ్జా పెద్దాసుపత్రిలో పాప గుండెకి స్కాన్ తీశారు. ఇరవై ఏడో వారంలోనే పుట్టింది, సుప్రికి బీపీ పెరిగిపోయి కడుపు కోసి తీశారు. తొమ్మిది వందల గ్రాములు. మోటారుసైకిలు టైరు అంతకంటే బరువుంటుంది. రెండు నెలలు అద్దాల పెట్టెలో, మిషన్ గాలి మీద. ఇంటికొచ్చి నెలైంది, ఇంకా ముక్కులో ఆక్సిజన్ గొట్టం.

డాక్టరమ్మ లిస్తియాని అంది: "ఆ గాలి పాపని బతికించింది, ఊపిరితిత్తుల్లో మచ్చలూ పెట్టింది. ఇప్పుడు లోపలికి రక్తం వెళ్ళే గొట్టాలు బిగుసుకున్నాయి. అక్కడ బీపీ పెరిగింది. గుండె కుడివైపు గది తోసి తోసి ఉబ్బుతోంది."

"తెలిసింది డాక్టరమ్మా. సన్నటి వాల్వులోంచి లారీ టైరుకి గాలి కొట్టినట్టు. టైరు నిండదు, మిషన్ కాలిపోతుంది."

"నా దగ్గర చదువుకునేవాళ్ళకంటే మీరే నయం పోనిరన్ గారూ," అంది. రోజంతా ఆ మాట మీదే బతికాను.

మందు రాసింది. సిల్డెనాఫిల్. మాత్రలు నూరి, తూచి, చిన్న చిన్న పొట్లాలు కట్టి ఇస్తారు. రోజుకు మూడు. పేరు వినగానే నాకు తెలిసిపోయింది, మగాళ్ళు పడగ్గదిలో వేసుకునే మాత్ర. మా పక్కబండి గిమిన్ చొక్కా జేబులో చూశాను ఓసారి.

"డాక్టరమ్మా, ఈ పొట్లాలు పాపకా, నాకా? తేల్చి రాయండి, మా ఆవిడ కంగారు పడుతోంది."

సిస్టరు పిల్ల పడీ పడీ నవ్వింది. నేను ఇంకో జోకు వేశాను. డాక్టరమ్మ సుప్రికి చివర్లో ఏదో గట్టిగా చెబుతోంది, వేలు ఊపుతూ. అప్పటికి సిస్టరు కళ్ళు తుడుచుకుంటోంది, నేను మూడోది వేస్తున్నాను. ఏం చెప్పిందని బస్సులో అడిగితే సుప్రి కిటికీలోంచి చూస్తూ, "వేళకి వెయ్యాలంది. మిగతాది నేను విన్నాలే," అంది.

ఆగస్టు 6, బుధవారం, క్లివోన్

గిమిన్‌తో చెప్పకుండా ఉండాల్సింది. పక్కనే మీట్‌బాల్ సూపు బండి, నోరు దాని గరిటె కంటే పెద్దది. మధ్యాహ్నానికి రోడ్డంతా తెలిసిపోయింది.

"పోనిరన్ కాంగ్, అన్నా! ఆడపిల్లకి మగాళ్ళ మందు పోస్తున్నావంట కదా! రేపు పొద్దున దానికి మీసాలొస్తే ఏం చేస్తావు?"

"నీకు అద్దెకిస్తాను. నీకెలాగూ రాలేదు కదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ రోడ్డు మీద అందరి కాఫీల్లో పంచదార తీసి ఉప్పు కలిపింది నేనే. గిమిన్ చెప్పులు నేలకి ట్యూబు జిగురుతో అతికించింది నేనే. ఒకసారి వాళ్ళ వంతు.

కానీ పాప మీద కాదు. నా మీద వెయ్యమనండి.

ఆగస్టు 9, శనివారం, పోన్

పొట్లం వేసిన అరగంటకి పాప మొహం ఎర్రగా అయిపోతోంది. తర్వాత వేలాడిపోతుంది, పాలు తాగదు. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాలిపిక్కకి పట్టీ కట్టి బీపీ చూశారు. నా బొటనవేలంత పట్టీ. ఒంట్లో బీపీ కొంచెం తగ్గిందట.

"ఈ మందు ఊపిరితిత్తుల గొట్టాలనే కాదు, మిగతావాటినీ వదులు చేస్తుంది," అంది డాక్టరమ్మ. "మోతాదు కాస్త తగ్గిస్తా. భయపడకండి. మేలు చేస్తోంది, ఆక్సిజన్ అంకె చూడండి, తొంభై అయిదు."

అంకె బాగానే ఉంది. మొహం బాగాలేదు. అంకె చూసి మురిసేవాడు మురవనీ, నేను టైరు చేత్తో నొక్కి చూసేవాణ్ణి.

ఆగస్టు 11, సోమవారం, క్లివోన్

మా అత్త, సుప్రి వాళ్ళమ్మ, వచ్చింది. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"నేను ఆనాడే చెప్పాను. సెకార్ కెదతోన్! రాజుగారి పెద్దకూతురికుండే బిరుదు! పంక్చర్లు వేసేవాడి బిడ్డ మొయ్యగలదా అది? పేరు బరువైంది. అందుకే దానికి ఊపిరాడట్లేదు."

"బరువైతే కొంచెం గాలి తీసేద్దాం అత్తా."

"నవ్వు. నవ్వుతూనే ఉండు. నా చెల్లెలి కొడుక్కీ ఇలాగే, పేరు మార్చాక వారంలో లేచి తిరిగాడు."

ఆ పేరు నేను సరదాకి పెట్టాను. పెళ్ళయిన పదహారేళ్ళకి పుట్టింది కదా, మసీదు దగ్గర మైకులో చదువుతుంటే ఊరంతా ఉలిక్కిపడాలని. ఉలిక్కిపడ్డారు. గిమిన్ అయితే వంగి దణ్ణం పెట్టాడు, "మహారాజా, వెనక చక్రంలో గాలి తగ్గింది," అని.

నా సరదా అది మోస్తోందా?

ఆగస్టు 14, గురువారం, పోన్

పేరు మార్చాం. ఎర్ర జావ, తెల్ల జావ వండి పదకొండు ఇళ్ళకి పంచాం. ఇక పాప పేరు రహయు. క్షేమం అని. పేరు తేలిగ్గా ఉంది, నోట్లోనే కరిగిపోతుంది.

పాత పేరున్నది ఏదీ ఇంట్లో ఉండకూడదంది అత్త. ఉంటే రోగం ఆ పేరు చూసుకుని తిరిగొస్తుందట. ఆసుపత్రి వాళ్ళు చేతికి కట్టిన పట్టీ కాల్చేశాం, ఉయ్యాలకి కట్టిన అట్టముక్క కాల్చేశాం. మందు సంచీ దగ్గర సుప్రి అడ్డం పడింది.

"మందు జోలికి రాకమ్మా."

"దాని మీద పేరుందే!"

"చీటీ చింపేస్తా. మందు మందే."

చీటీ చింపింది. అత్త ఊరుకుంది. నేనే ఊరుకోలేకపోతున్నాను. ప్రతి పొట్లం మీదా పెన్సిలుతో సన్నగా 'సెకార్' అని ఉంది. సుప్రికి దగ్గరచూపు ఆనదు. రోజుకి మూడుసార్లు ఆ పేరు పాప నోటి దగ్గర విప్పుతున్నాం, రా రా అని పిలిచినట్టు. విప్పగానే పాప మొహం ఎర్రబడుతోంది. రెండూ నేను చూశాను.

ఆగస్టు 15, శుక్రవారం, వాగె

సుప్రి స్నానానికి వెళ్ళినప్పుడు. పదిహేను పొట్లాలు. తెల్ల కాగితం, పంచదార పొడి. మడతలో గీతంత తేడా లేదు.

అయిదురోజులే. చూద్దామని.

ఆగస్టు 17, ఆదివారం, లెగి

మాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజు, జెండా పండగ. వీధంతా ఎరుపూ తెలుపూ. దారానికి కట్టిన అప్పడాలు చేతులు పెట్టకుండా తినే పందెం ఏటా నేనే నడుపుతాను, దారం పైకి లాగుతూ. ఈసారి గిమిన్ నోటి దగ్గరికి తెచ్చి తెచ్చి లాగాను, వాడు చివరికి పక్కవాడి చెవి కొరికాడు.

పాప మొహం ఎర్రబడటం లేదు! రెండురోజులుగా ఒక్కసారి కూడా లేదు. పాలు తాగింది. అత్త "చూశావా" అంది. సుప్రి కూడా, "మందు ఒంటికి పట్టింది, ఎరుపు పోయింది," అని సంబరపడింది.

ఇద్దరూ సంతోషంగా ఉన్నారు. ఇంకేం కావాలి. ఇంకో నాలుగురోజులు.

ఆగస్టు 19, మంగళవారం, పోన్

బాగా నిద్రపోతోంది. మంచిపిల్ల. ఏడవడమే లేదు.

ఆక్సిజన్ అంకె చూపించడానికి కాలికి పెట్టే క్లిప్పు వదులైంది, ఎనభై తొమ్మిది చూపిస్తోంది. సుప్రి ఆసుపత్రికి వెళ్దామంది. క్లిప్పు వదులైతే అంకె తగ్గుతుంది, ముప్ఫై ఏళ్ళుగా గాలి మీటర్లు చూస్తున్నాను నాకు తెలీదా అన్నాను. క్లిప్పులో స్పాంజి ముక్క పెట్టాను. తొంభై ఒకటి. చూశావా అన్నాను.

ఆక్సిజన్ కొంచెం పెంచాను. సుప్రికి చెప్పలేదు.

ఆగస్టు 20, బుధవారం, వాగె

సుప్రి కొత్త పొట్లాలు తెచ్చింది. అవి కూడా మార్చాను. ఇప్పుడు ఆపితే ముందువి ఎందుకు మార్చినట్టు?

ఆగస్టు 22, శుక్రవారం, లెగి

పాదాలు కొంచెం ఉబ్బాయి. ఒళ్ళు చేస్తోంది అంది అత్త. అవును, ఒళ్ళు చేస్తోంది.

క్లిప్పు వదులే.

ఆగస్టు 24, ఆదివారం, పోన్

పొద్దున పాలు పడుతుంటే నీలంగా అయిపోయింది. పెదాలు, గోళ్ళు, అన్నీ. సుప్రి అరుపుకి గిమిన్ బండి మీద గిన్నె వదిలేసి వచ్చాడు. ఎవరిదో వ్యాను ఆపాడు. పాప సుప్రి ఒళ్ళో, సిలిండరు నా ఒళ్ళో. మీటరు నిండుగా చూపిస్తోంది. గాలి ఉంది. లోపలికి పోవట్లేదు.

గిమిన్ దారిపొడుగునా ఒక్క జోకు వెయ్యలేదు. వెయ్యరా, ఒక్కటి వెయ్యరా అనుకున్నాను.

మళ్ళీ గొట్టం వేశారు. మళ్ళీ మిషన్.

ఆగస్టు 25, సోమవారం, వాగె

వరండాలో చాప. ఐసీయూ తలుపు ముందు మాలాంటివాళ్ళు పన్నెండు కుటుంబాలు.

డాక్టరమ్మ బయటికొచ్చి సుప్రిని అడిగింది. నేను ఆ పక్కనే ఉన్నాను. సుప్రినే అడిగింది.

"మందు ఒక్కపూట కూడా తప్పలేదా?"

"లేదు డాక్టరమ్మా. గడియారం చూసి, నా చేత్తోనే వేశాను. ఒక్క పొట్లం కూడా..."

"వాంతి చేసుకుందా?"

"లేదు."

డాక్టరమ్మ చేతిలో కాగితం తిప్పి చూసింది. "ఇంత మందు పడుతూ కూడా బీపీ ఇంత పెరిగిందంటే, ఈ పిల్లకి ఇది పనిచెయ్యట్లేదన్నమాట," అంది. నాతో కాదు. తనలో తానే అంది.

నేను చెప్పులకి అంటిన మట్టి గీకుతున్నాను.

ఆగస్టు 26, మంగళవారం, క్లివోన్

సుప్రి నమాజుకి వెళ్ళింది. కిటికీ తెరిచి సిస్టరు పిలిచింది: "సెకార్ కెదతోన్ తాలూకు!"

ఆసుపత్రి కాగితాల్లో ఇంకా అదే పేరు. అత్త నా మణికట్టు పట్టుకుంది. "లేవకు. పలికావంటే మళ్ళీ ఆ పేరు తగులుకుంటుంది."

"సెకార్ కెదతోన్! సెకార్ తాలూకు ఎవరూ లేరా?"

చాపల మీద వాళ్ళంతా అటూ ఇటూ చూశారు. నేనూ చూశాను, ఎవరిదో బిడ్డ అయినట్టు. మూడుసార్లు పిలిచి కిటికీ మూసేసింది. ఎందుకు పిలిచారో అడగలేదు. పట్టుకున్నది డెబ్భై ఏళ్ళ ముసలావిడ చెయ్యి. విడిపించుకోలేకనా?

ఆగస్టు 27, బుధవారం, లెగి

రాయాలి.

పొద్దున సుప్రి సిస్టరు దగ్గర చేతులు నలుపుకుంటూ చెబుతోంది. "పోయినవారం మంగళవారం పదినిమిషాలు ఆలస్యంగా వేశానమ్మా. నీళ్ళు పెట్టడానికి వెళ్ళాను. ఇంకోసారి పొట్లం అంచున కొంచెం మిగిలిపోయింది. నేను దులపలేదు. దానివల్లేనా? అది నాదేనా తప్పు?" తన కుడిచెయ్యి చూసుకుంటోంది, అదేదో వేరేవాళ్ళ చెయ్యి అయినట్టు.

అప్పుడే కిటికీ తెరుచుకుంది. "సెకార్ కెదతోన్ తాలూకు!"

అత్త చెయ్యి వచ్చింది. నేను లేచాను. "నేనే. సెకార్ నాన్నని," అన్నాను. గొంతు మైకులో చదివినంత గట్టిగా వచ్చింది. అందరూ తిరిగి చూశారు.

డాక్టరమ్మ గదిలో కుర్చీ ఉంది, కూర్చోలేదు. ఆవిడ కాగితాలు తిప్పుతూ, "సిల్డెనాఫిల్ మొన్నే ఆపేశాం. పనిచెయ్యట్లేదు. దీని తర్వాతది ఇక్కడ దొరకదు, జకార్తా నించి రావాలి. వచ్చేదాకా పాప..."

"అది పంచదార డాక్టరమ్మా."

"ఏంటి?"

"పొట్లాల్లో. నేను మార్చాను. మా ఆవిడకి తెలీదు."

నా మొహంలో నవ్వు కోసం వెతికింది. నేను నోరు తెరిస్తే ఎవరైనా అదే వెతుకుతారు. దొరకలేదు.

"ఎన్నిరోజులు?"

"తొమ్మిది."

తిట్టలేదు. రాసుకుంది. తొమ్మిది రోజులు, అని. పెన్ను ఆగింది. "ఈ మందు ఒక్కసారిగా ఆపితే ఆ గొట్టాలు ముందుకంటే గట్టిగా బిగుసుకుంటాయి. మొదటిరోజే చెప్పాను కదా. ఏం జరిగినా ఆపొద్దని, మీ ఇద్దరికీ."

ఆ వేలు ఊపడం గుర్తొచ్చింది. నేను మూడో జోకు వేస్తున్నాను.

ఫోను తీసి లోపలికి ఏవో చెప్పింది. మందు మళ్ళీ మొదలు, ముక్కులోంచి పొట్టలోకి వేసిన గొట్టం గుండా, కొంచెం కొంచెంగా. జకార్తాది కూడా తెప్పిస్తామంది. "గుండె ఎంత దెబ్బతిందో ఇప్పుడే చెప్పలేను," అంది. తర్వాత, "మీ ఆవిడకి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

ఆగస్టు 28, గురువారం, పహింగ్

చెప్పలేదు. సుప్రి అన్నం తెచ్చిపెట్టింది. తిన్నాను.

ఆగస్టు 29, శుక్రవారం, పోన్

చెప్పలేదు.

ఆగస్టు 30, శనివారం, వాగె

చాప మీద పడుకుని ఉంది, అటు తిరిగి. కుడిచెయ్యి ఒంటికింద అణుచుకుని పడుకుంటోంది ఈమధ్య.

"సుప్రీ. నీ చెయ్యి కాదు."

"ఏది?"

చెప్పాను. పెన్సిలు రాత, పంచదార, మడతలు, క్లిప్పులో స్పాంజి. అన్నీ. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆగకుండా చెప్పాను.

లేచి కూర్చుంది. "ఇదీ నీ సరదానేనా?" అంది. చాలా నెమ్మదిగా. సరదా అయితే బాగుండునని అడిగినట్టు.

"కాదు."

పక్క చాపావిడ అరటిపండు ఒలిచి వాళ్ళ పిల్లాడికి పెడుతోంది. సుప్రి అది తినడం అయ్యేదాకా చూసింది. తర్వాత పాలసీసా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి కడిగింది. కడిగిందే కడిగింది. ఆరురోజులుగా ఆ సీసాలో పాలు పోసింది లేదు.

కొడుతుందనుకున్నాను. గంట కూర్చున్నాను దానికోసం.

సెప్టెంబరు 2, మంగళవారం, పహింగ్

అత్త తనే కారణమని గోడకి తల కొట్టుకుంది. సుప్రి వెళ్ళి పట్టుకుంది. అత్తతో మాట్లాడుతోంది, సిస్టర్లతో మాట్లాడుతోంది. గిమిన్ సూపు తెస్తే "తమ్ముడూ, ఉప్పెక్కువైంది," అంది కూడా. నాతో లేదు.

గిమిన్‌కి ఎవరూ చెప్పలేదు. నన్ను నవ్వించాలని తంటాలు పడుతున్నాడు.

సెప్టెంబరు 6, శనివారం, లెగి

మిషన్ తీశారు. సొంతంగా పీలుస్తోంది, ఆక్సిజన్ గొట్టంతో. డాక్టరమ్మ స్కాన్ చూపించింది. గుండె కుడిగది ఎడమదాన్ని నొక్కేస్తోంది. సాగిపోయిన ట్యూబు నాకు తెలుసు. గాలి తీసినా పాత సైజుకి రాదు. ప్యాచ్ వెయ్యడానికి చిల్లు ఉండాలి, సాగడానికి ప్యాచ్ లేదు.

"ఎన్నాళ్ళు డాక్టరమ్మా?"

"మందు మీద, పాప మీద ఉంటుంది. ఊపిరితిత్తులు పెరిగితే గుండెకి తెరిపి. జలుబు చేసినా ప్రమాదమే. వచ్చే పండగ గురించి ఇప్పుడు నన్నడగకండి."

అడగలేదు.

సెప్టెంబరు 13, శనివారం, పోన్

ఇంటికి తెచ్చాం. రెండు రకాల పొట్లాలు, నీరు తీసే చుక్కలు, సిలిండరు. చీటీ మీద సెకార్ కెదతోన్ అనే ఉంది. సుప్రి చింపలేదు. అత్త కూడా ఏమీ అనలేదు. పాపని ఏ పేరుతోనూ పిలవట్లేదు మేము ఎవరమూ.

పొట్లం వేళైంది. సుప్రి కాగితం విప్పింది. చిటికెనవేలు నాలిక మీద తడిచేసుకుని, గోటి కొనకంటినంత పొడి అద్దుకుని, నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. చేదు తగిలినట్టుంది, మొహం ముడుచుకుంది. అప్పుడు పాలలో కలిపింది.

నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు.

సెప్టెంబరు 15, సోమవారం, క్లివోన్

పొద్దున. మధ్యాహ్నం. రాత్రి. ప్రతి పొట్లం.

సెప్టెంబరు 18, గురువారం, పోన్

షాపు తెరిచాను. గిమిన్ నా కాఫీలో ఉప్పేశాడు. ఎదురుగా నిలబడి చూస్తున్నాడు, ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు తిడతాడు అని. మొత్తం తాగేశాను.

"కాంగ్... తెలీలేదా?"

"తెలిసింది."

వాడు గ్లాసు తీసుకుపోయి కడిగి, మామూలు కాఫీ తెచ్చి, పక్కన కూర్చున్నాడు. పంక్చరు ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాను. ఎంతసేపటికీ రాలేదు. తీసి చూస్తే గాలే కొట్టలేదు దాన్లో.

సెప్టెంబరు 21, ఆదివారం, లెగి

ఎనభై ఎనిమిది. క్లిప్పు గట్టిగానే ఉంది.

డాక్టరమ్మకి ఫోను చేశాను. నేనే చేశాను. ఆక్సిజన్ ఎంత పెంచాలో చెప్పింది. పెంచి, ఎంత పెంచానో సుప్రికి వినపడేలా చెప్పాను. గంటకి తొంభై రెండు.

సెప్టెంబరు 23, మంగళవారం, పోన్

సుప్రికి ఒళ్ళు వెచ్చబడింది. పాపకి తగలకూడదని మూతికి గుడ్డ కట్టుకుని గది మూల కూర్చుంది. మధ్యాహ్నం పొట్లం వేళైంది. అత్త మార్కెట్టుకి వెళ్ళింది. ఇంట్లో నేనొక్కణ్ణే.

"నువ్వెయ్యి," అంది. ఇరవై నాలుగు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

చేతులు మూడుసార్లు కడిగాను, గ్రీజు గోళ్ళలోంచి పోయేదాకా. తన ఎదురుగా, వెలుతుర్లో, కాగితం విప్పాను. పెన్సిలు రాత అలాగే ఉంది. సెకార్. తను చేసినట్టే వేలు తడిచేసి, గోటి కొనకంత అద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాను. ఒళ్ళు జలదరించేంత చేదు. అయిదువారాల కిందట అది మురుగుకాలవలో పారబోశాను.

"చేదుగా ఉంది," అన్నాను.

సుప్రి లేచి వచ్చింది. నా చేతిలో పొట్లం నించి తనూ వేలికి అద్దుకుని, మూతి గుడ్డ పక్కకి జరిపి, నాకి చూసింది.

అప్పుడు పాలగిన్నె నా వైపు జరిపింది.